పట్టుకున్నదీ చిక్కుకున్నట్టే



ఈ పూట ఒక ఆటలోని ఒక చిన్న ఘట్టం గురించి మాట్లాడతాను. ఆట పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. ఘట్టం ఏమిటంటే, రాక్షసజీవి ఒకటి వచ్చి ఆటగాడి పాత్రను నోటితోనో, తోకతోనో, చేతులతోనో ఒడిసిపట్టుకోవడం. ఆడేవాళ్లు దీన్ని గ్రాపుల్ అంటారు. ఎన్నో బల్లల దగ్గర ఆట చప్పబడిపోయేది సరిగ్గా ఇక్కడే. పుస్తకాలు తిరగేస్తారు, వాదించుకుంటారు, పట్టుబడ్డ మనిషి మెల్లగా ఫోను తీసి చూసుకుంటాడు. అలా జరగనక్కర్లేదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్తాను.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే ఊరి నుంచి వెలువడింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, వాళ్లని డంజియన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటారు. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. కత్తి దూసే ఫైటర్, మంత్రం వేసే విజర్డ్, గాయాలు మాన్పే క్లెరిక్, ఇలాగ. డీఎం పరిస్థితి చెప్పి, "ఇప్పుడేం చేస్తావ్?" అని అడుగుతారు. ఆటగాడు ఫలానా పని చేస్తానంటాడు. అది జరిగిందో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. పడిన అంకెకు పాత్ర బలాన్నో చురుకుదనాన్నో బట్టి కొంత కలుపుతారు. మొత్తం ముందే నిర్ణయించిన అంకెను అందుకుంటే పని అయినట్టు, లేకపోతే లేదు. హైదరాబాదులోనూ ఈ ఆట ఆడే బృందాలున్నాయి.

కత్తిదెబ్బకు నియమం సులువు. తగిలిందా లేదా, తగిలితే ఎంత గాయం, అంతే. పట్టు సంగతి వేరు. దెబ్బ వచ్చిపోతుంది, పట్టు ఉండిపోతుంది. కబడ్డీ చూసినవాళ్లకు ఇది నేను విడమరచి చెప్పక్కర్లేదు. కూతకు వెళ్లినవాడిని నడుం దగ్గర ఒకడు, మడమ దగ్గర ఒకడు పట్టేశారనుకోండి. అక్కడితో ఆట అయిపోయిందని ఎవరూ లేచి వెళ్లరు, అందరూ ముందుకు వంగి చూసేది అప్పుడే. పట్టుబడ్డవాడు వేలికొన గీతకు తాకించాడంటే పట్టుకున్న ఇద్దరూ అవుట్. పట్టుకున్నవాళ్లు పట్టుకున్నందువల్లే ప్రమాదంలో పడతారు. నేను చెప్పదలచుకున్న సంగతి ఇదే. రాక్షసి పట్టు రాక్షసిని కూడా కట్టేస్తుంది. దాని నోరు నిండిపోయింది, చేతులు ఖాళీగా లేవు, బరువు లాక్కుంటూ కదలాలి. డీఎం పట్టులోని ఈ రెండో సగాన్ని గుర్తుపెట్టుకుని నడిపితే ఆట ఆగదు. మరిచిపోతే పట్టు అనేది పట్టుబడ్డవాడికి వేసిన శిక్షగా మిగిలిపోతుంది.

నియమాలు రాసినవాళ్లు ఈ సంగతితో చాలాకాలంగా కుస్తీ పడుతున్నారు. 1979 నాటి డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఒట్టి చేతుల పోరాటానికి శాతాల లెక్కలతో వేరే పట్టికలుండేవి. గుద్దడానికి ఒకటి, పట్టుకోవడానికి ఒకటి, మీదపడి నేలకూల్చడానికి ఇంకొకటి. కూడికలు, తీసివేతలు పూర్తయ్యేసరికి బల్ల దగ్గర వేడి చల్లారిపోయేది. 2000లో మూడో ఎడిషన్ వచ్చింది, 2003లో దాన్నే సవరించి 3.5 అన్నారు. అప్పటికి ఆట విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ చేతికి వచ్చింది. పట్టికలు పోయి మెట్లు వచ్చాయి. ఎవరినైనా పట్టుకోబోతే ముందు ఎదుటివాడికి ఊరికే ఒక దెబ్బ కొట్టే అవకాశం. దాన్ని తట్టుకుంటే తాకడానికి ఒక పాచిక. తాకితే ఇద్దరూ పోటీగా మళ్లీ పాచికలు. అందులో గెలిస్తే బల్ల మీది పటంలో ఎదుటివాడి గడిలోకి జరగాలి. ఇన్ని మెట్లు ఎక్కితేగానీ పట్టు కుదరదు.

రాక్షసజీవులకు మాత్రం అడ్డదారి ఇచ్చారు. దాని పేరు ఇంప్రూవ్డ్ గ్రాబ్. గోరో కోరో తగిలిందంటే, ఆ ఊరికే కొట్టే దెబ్బ గొడవ లేకుండా నేరుగా పట్టుకునే పోటీకి వెళ్లిపోవచ్చు. ఆకారానికి అదనపు బలం కూడా ఉండేది. మనిషికన్నా ఒక తరగతి పెద్దదైతే 4, రెండు తరగతులైతే 8, అలా పెరుగుతూ పోయేది.

ఆ లెక్క ఎక్కడిదాకా పోయిందో ఒక్క ఉదాహరణ చూడండి. క్రాకెన్ అని సముద్రపు రాక్షసి ఉంది, ఓడల్ని ముంచే ఆకారం. 3.5 పుస్తకంలో దాని పట్టు బలం 44. అనుభవంలో పదో స్థాయికి ఎదిగిన ఫైటర్‌ను తీసుకోండి, మంచి కండబలం ఉన్నవాడే, అతని పట్టు బలం 15 దాకా వస్తుంది. అతనికి పాచికలో అన్నిటికన్నా పెద్ద అంకె 20 పడినా మొత్తం 35. క్రాకెన్‌కు అన్నిటికన్నా చిన్న అంకె ఒకటి పడినా 45. పాచిక వేయడమే దండగ. సముద్రంలోని భూతం పట్టుకుంటే మనిషి విడిపించుకోలేడు, అది నిజమేననిపిస్తుంది. కానీ బల్ల ముందు కూర్చున్న మనిషికి మిగిలిందేమిటి? తన వంతు వచ్చినప్పుడల్లా ఓడిపోవడమే.

అయితే ఆ 3.5 నియమాల్లో ఒక మంచి మెలిక ఉంది, దాన్ని నేను ఈనాటికీ మెచ్చుకుంటాను. పట్టుకున్న జీవి కూడా పట్టులో ఉన్నట్టే లెక్క. అది కూడా మామూలుగా కదలలేదు, చుట్టుపక్కల వాళ్లను మామూలుగా అడ్డుకోలేదు. ఒంటిని ఖాళీగా ఉంచుకుని, పట్టిన ఒక్క అవయవంతోనే బిగించాలంటే దాని లెక్కలోంచి 20 తీసేయాలి. అంటే రాక్షసి తరఫున డీఎం తేల్చుకోవాలి. ఒళ్లంతా ఒడ్డి పట్టుకుంటుందా, సగం మనసుతో పట్టుకుని మిగతావాళ్ల మీద కూడా కన్నేసి ఉంచుతుందా? పట్టులో బేరం ఉందన్నమాట.

తర్వాత వచ్చినవాళ్లు ఈ బరువు దించుతూ పోయారు. 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే వేరే ఆట ఇద్దరి పోటీ పాచికలను తీసేసి, దాడికి ఒక అంకె, రక్షణకు ఒక అంకె పెట్టింది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ఇంకా తేలిక చేసింది. రాక్షసి దెబ్బ తగిలితే పట్టు పడినట్టే. తప్పించుకోవడానికి దాని పక్కనే ఒక అంకె రాసి ఉంటుంది, దాన్ని ఎస్కేప్ డీసీ అంటారు. పట్టుబడ్డవాడు తన వంతులో ఒక యాక్షన్ (ఒక పని చేసే వీలు) ఖర్చుపెట్టి, బలంతో అథ్లెటిక్సో, చురుకుదనంతో ఆక్రోబాటిక్సో వేసి ఆ అంకె అందుకుంటే విడుదల. 2014 నాటి క్రాకెన్‌కు ఆ అంకె 18. ఇరవయ్యో స్థాయి ఫైటర్‌కు అథ్లెటిక్స్‌లో 11 కలుస్తుంది కాబట్టి 7 పడితే చాలు, నూటికి డెబ్బై పాళ్లు బయటపడతాడు. నాకు ఇది నచ్చింది. పాచిక చేతికి తీసుకున్న ప్రతిసారీ గెలిచే ఆశ ఉండాలి.

కానీ తేలిక చేసే హడావుడిలో రాక్షసి మెడకున్న తాడు సన్నబడింది. పట్టుకున్నది కూడా పట్టులో ఉన్నట్టే అన్న నియమం పోయింది. దాని బదులు చాలా జంతువుల వివరాల్లో చివర ఒక్క వాక్యం మిగిలింది. ఈ పట్టు వదిలేదాకా అది మరొకరిని కరవలేదు, అని. డీఎంలు గబగబా చదువుతూ దాటేసే వాక్యం అదే. నా దృష్టిలో మొత్తం వివరాల్లో ముఖ్యమైన వాక్యం కూడా అదే.

2014 నియమాల ప్రకారమే మొసలితో చూపిస్తాను. ఐదో ఎడిషన్ మొసలి సాదాసీదా జంతువు. 19 హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క, కరవడానికి పాచిక మీద 4 కలుపుకుంటుంది, తప్పించుకునే అంకె 12. నది ఒడ్డున మూడో స్థాయి విజర్డ్ తిత్తిలో నీళ్లు నింపుకుంటోందనుకోండి. ఆమెకు కవచం లేదు, రక్షణ అంకె 12. మొసలికి 8 పడింది, కాలు దొరికింది. ఇప్పుడు ఆమె గ్రాపుల్డ్ మాత్రమే కాదు, రెస్ట్రెయిన్డ్ కూడా. కదల్లేదు, ఎవరినైనా కొట్టాలంటే రెండు పాచికలు వేసి చిన్నదాన్నే తీసుకోవాలి, ఆమెను కొట్టేవాళ్లు రెండు వేసి పెద్దది తీసుకుంటారు.

ఇక్కడ చాలామంది డీఎంలు ఆగిపోతారు. మొసలి అక్కడే ఉండి వంతుకొకసారి కరుస్తూ ఉంటుంది. గజేంద్రమోక్షం విన్న చెవులకు మొసలి ఎటు లాగుతుందో చెప్పాలా? నీళ్లలోకి లాగాలి. నియమం అందుకు వీలిస్తుంది. పట్టుకున్నదాన్ని లాక్కుని పోవచ్చు, కానీ వేగం సగం అవుతుంది. మొసలి నేల మీద వంతుకు 20 అడుగులు నడుస్తుంది, నీళ్లలో 30 ఈదుతుంది. లాక్కుంటూ అయితే నేల మీద 10, నీళ్లలో 15. కరిచిన వంతులోనే 15 అడుగులు లోపలికి తీసుకుపోయింది. మరుసటి వంతుకు 30, ఆ తర్వాత 45.

మునిగి చచ్చిపోతుందేమోనని ఆటగాళ్లు కంగారు పడతారు. ఆ భయం అంత దగ్గరలో లేదు. నియమం ప్రకారం మామూలు దేహదారుఢ్యం ఉన్న మనిషి నిమిషమో రెండు నిమిషాలో ఊపిరి బిగపట్టగలదు, ఒక రౌండ్ అంటే ఆరు సెకన్లు, కాబట్టి కనీసం పది రౌండ్ల వ్యవధి ఉంది. దూరం వల్లే అసలు ముప్పు. క్యూర్ వూండ్స్ మంత్రం వేయాలంటే క్లెరిక్ చేత్తో ముట్టుకోవాలి, 45 అడుగుల నీళ్ల అవతల ఉన్నదాన్ని ఎలా ముట్టుకుంటుంది? ఫైటర్ దూకుతాడా, ఇనుప కవచం విప్పుతాడా? పొడవు కత్తితో నీటిలో కొట్టడం కష్టం, బాకు, పొట్టికత్తి, బల్లెం, త్రిశూలం లాంటివైతే ఆ ఇబ్బంది లేదు. చూశారా, ఒక్కసారి నీళ్లవైపు లాగేసరికి బల్ల చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరికీ ఆలోచించాల్సిన పని దొరికింది.

ఇప్పుడు విజర్డ్ వైపు చూద్దాం. విడిపించుకోవడానికి ఆమెకు 10 పడాలి, నూటికి 55 పాళ్లు. అదొక్కటే దారి కాదని ఆమెకు డీఎం గుర్తుచేయాలి. రెస్ట్రెయిన్డ్ అంటే నోరు కట్టేసినట్టు కాదు. మిస్టీ స్టెప్ మంత్రానికి నోటిమాట ఒక్కటే కావాలి, వేస్తే 30 అడుగుల దూరంలో కంటికి కనిపించే చోట తేలుతుంది, పట్టు దానంతటదే వీడిపోతుంది. లేదా స్లీప్ ఉంది. 2014 నియమాల్లో ఐదు ఎనిమిది ముఖాల పాచికలు వేస్తారు, సగటున 22 హిట్ పాయింట్ల మేరకు నిద్రపుచ్చుతుంది. మొసలికి ఉన్నవి 19. నిద్రపోయిన మొసలి నోరు వదిలేస్తుంది, ఎందుకంటే పట్టుకున్న జీవి స్పృహ తప్పితే పట్టు ముగిసినట్టేనని నియమంలో ఉంది. స్నేహితుల చేతిలోనూ దారులున్నాయి. ఫైటర్ ఆమె పక్కన నిలబడి మొసలిని ఐదడుగులు వెనక్కి తోయగలిగితే ఆమె దాని అందుబాటు దాటిపోతుంది, పట్టు తెగుతుంది. తోయడానికి అతనికి 5 కలుస్తుంది, మొసలికి 2 మాత్రమే. ఇంకొకరు హెల్ప్ యాక్షన్ తీసుకుని ఆమె చెయ్యి పట్టి లాగితే, ఆమె విడిపించుకునే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు.

మొసలి వైపు కూడా చూడాలి. దాని నోటినిండా విజర్డ్ కాలు ఉంది. ఫైటర్ దాని పక్కకు వచ్చి నిలబడ్డా కరవలేదు. కరవాలంటే దొరికినదాన్ని వదలాలి. దానికి 19 హిట్ పాయింట్లే కదా, ఫైటర్ ఒక గట్టి దెబ్బ కొట్టాడంటే బతికి బయటపడాలా, తిండి దక్కించుకోవాలా అన్నది అది తేల్చుకోవాలి. నేనైతే సగం ప్రాణం పోయిన మొసలి చేత పట్టు వదిలించేస్తాను. జంతువు జంతువులాగే ఉండాలి. కడదాకా పట్టు వదలని జీవులు వేరే ఉన్నాయి, మంత్రంతో కదిలే తివాచీలు, మాంసం కరిగించే జిగురుముద్దలు. వాటి పట్టు భయంకరంగా అనిపించాలంటే మొసలి కొంచెం పిరికిదై ఉండాలి.

తప్పించుకునే అంకెను ఆటగాడికి చెప్పాలా వద్దా అన్నది ఎప్పుడూ ఉన్న తగాదా. చెప్పాలనే నా మాట. మెడ చుట్టూ బిగిసిన చేతి బలం ఎంతో ఆ పాత్రకు ఒంటితో తెలుసు. ఆటగాడికి అంకెతో తెలిస్తే తప్పేముంది? అంకె తెలిసినప్పుడే విడిపించుకోవడానికి ప్రయత్నించాలా, పట్టులోనే ఉండి మంత్రం వేయాలా అని నిజంగా ఎంచుకోగలడు.

ఇక అన్నిటికన్నా పెద్ద బాధ, వరసగా విఫలమవడం. జెయింట్ ఆక్టోపస్ ఉంది, 2014 నియమాల్లో దాని అంకె 16. మన విజర్డ్‌కు 14 పడాలి, అంటే నూటికి 35 పాళ్లే. వరసగా మూడు వంతులూ తప్పే అవకాశం 27 శాతం, నాలుగింట ఒక వంతుకు పైమాటే. మూడు వంతులంటే బల్ల మీద తక్కువ సేపు కాదు. అందరూ తమ తమ పనులు చేస్తుంటే ఒక మనిషి పాచిక వేసి, లేదని తల ఊపి, మళ్లీ ఎదురుచూడటం. సాయంత్రమంతా తీరిక చేసుకుని ఆడటానికి వచ్చిన మనిషి అలా కూర్చుంటే నాకు బాధేస్తుంది.

నేను ఆట నడిపే బల్ల మీద దీనికి ఒక చిన్న మార్పు పెట్టుకున్నాం. విఫలమైన ప్రతి ప్రయత్నానికీ తప్పించుకునే అంకె రెండు తగ్గుతుంది. మొదటిసారి 16, తర్వాత 14, ఆ తర్వాత 12. పెనుగులాటలో పట్టు జారుతోందని అర్థం. మూడుసార్లూ తప్పే అవకాశం 27 నుంచి 16 శాతానికి దిగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఓడిన పాచిక కూడా ఏదో ఒకటి చేసినట్టవుతుంది. రాక్షసి కూడా తన వంతులో కొట్టడం మానేసి మళ్లీ బిగించుకోవచ్చు, అప్పుడు అంకె మొదటికి వస్తుంది. బిగించుకున్న వంతులో అది ఎవరినీ కొట్టలేదు కాబట్టి మిగతా అందరికీ ఊపిరి దొరుకుతుంది. కొత్త పట్టికలేమీ అక్కర్లేదు, ఒక చిత్తుకాగితం మీద అంకె కొట్టేసి రాసుకుంటే చాలు.

2024లో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కూడా పట్టును సవరించింది. ఆటగాళ్లు ఎవరినైనా పట్టుకోవాలంటే పోటీ పాచికలు లేవు, ఎదుటివాడే తప్పించుకునే సేవింగ్ త్రో వేస్తాడు. పట్టులో ఉన్నవాడు తనను పట్టుకున్నవాణ్ణి తప్ప ఇంకెవరిని కొట్టబోయినా రెండు పాచికల్లో చిన్నదే తీసుకోవాలి. ఈ రెండో మార్పు నాకు బాగా నచ్చింది. పట్టిన దానివైపే చూపు తిప్పుతుంది.

మింగడం సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. పర్పుల్ వర్మ్ అని భూమిని తొలుచుకుంటూ వచ్చే పెద్ద పురుగు ఉంది. 2014 నియమాల్లో అది మనిషిని అమాంతం మింగేస్తుంది. కడుపులో కళ్లు కనబడవు, కదలిక లేదు, దాని ప్రతి వంతులో ఆరు పాచికల ఆమ్లం. బయటివాళ్లు లోపలివాణ్ణి అందుకోలేరు. లోపలివాడు ఒకే వంతులో 30 పాయింట్ల గాయం చేయగలిగితే, పురుగు తట్టుకోలేక కక్కేసే అవకాశం ఉంటుంది. ఈ నియమంలో నన్ను ఆకట్టుకునేది ఆ 30 అనే అంకె. చీకట్లో ఉన్న మనిషికి అది ఒక గురి. మంత్రాలన్నీ దాచుకున్న విజర్డ్ తన పెద్ద మంత్రం బయటికి తీసేది అక్కడే. అందుకే మింగబడిన ఆటగాడికి ఈ అంకె దాచకండి, వెంటనే చెప్పండి.

ఇంకో మాట, ఇది నియమం కాదు. గొంతు నులమడం, ఊపిరాడకపోవడం, కదలనీయకుండా అదిమిపెట్టడం, ఇవి కొందరికి ఆటలో విన్నా తట్టుకోలేనివి. ఎవరి జీవితంలో ఏముందో మనకు తెలియదు. ఆట మొదలయ్యే ముందే అందరూ కూర్చుని ఏవి వద్దో మాట్లాడుకునే అలవాటుంది, సెషన్ జీరో అంటారు. 2020లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే పుస్తకంలో దానికి ఒక భాగమే కేటాయించారు. అక్కడ ఈ పట్టు మాట కూడా అడగండి. వద్దన్నవాళ్లు ఉంటే మొసలి పట్టుకున్నది వాళ్ల సంచిని అనండి, గుర్రాన్ని అనండి. ఆటకేమీ లోటు రాదు.

చివరగా, ఈ ఆటలో పట్టు నియమం అన్నిటికన్నా బాగా కుదిరిందని నేననుకునే జీవి గురించి చెప్పి ముగిస్తాను. 2014 నియమాల్లోని ఆ జీవి పేరు రోపర్. గుహల్లో సున్నపురాయి స్తంభంలా కదలకుండా నిలబడి ఉంటుంది, కన్ను తెరిచేదాకా అది ప్రాణి అని తెలియదు. దానికి ఆరు తీగలు, ఒక్కొక్కటి 50 అడుగుల దూరం అందుతుంది. తగిలినవాణ్ణి పట్టుకుని, అదే వంతులో 25 అడుగులు తనవైపు లాక్కుంటుంది. 50 అడుగుల దూరంలో ఉన్నవాడు మరుసటి లాగుడుకు నోటి దగ్గరికి చేరతాడు. మధ్యలో ఉన్నది ఒక్క రౌండ్.

ఆ ఒక్క రౌండ్‌లో ఎన్ని పనులు చేయొచ్చో చూడండి. పట్టుబడ్డవాడు 15 అందుకుని జారిపోవచ్చు. బలంతో తీగనే తెంపొచ్చు, కానీ ఆ తీగ బలం పీల్చేస్తుంది కాబట్టి బలశాలికి కూడా అది కష్టం. ప్రతి తీగకూ సొంతంగా 10 హిట్ పాయింట్లు ఉన్నాయి, తగలాలంటే 20 అందుకోవాలి, కానీ ఎవరైనా, ఎక్కడినుంచైనా కొట్టొచ్చు. తెగిన తీగ వల్ల రోపర్‌కు ప్రాణహాని లేదు, దాని తర్వాతి వంతులో కొత్తది మొలిపించుకుంటుంది. మరి తీగ కొట్టాలా, రోపర్‌నే కొట్టాలా? దానికి 93 హిట్ పాయింట్లు, ఒక్క రౌండ్‌లో అది చచ్చేది కాదు. అందరికన్నా దగ్గర్లో ఉన్నవాణ్ణి ముందు విడిపించాలా, దూరంలో ఉన్నవాణ్ణి ఇంకో రౌండ్ వదిలేయాలా? బాణం వేసేవాడు ఎవరి తీగకు గురిపెట్టాలి? డీఎం ఇవన్నీ బల్ల మీద గీసి, ఎవరు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నారో పైకి చదివి, ఇక మీ ఇష్టం అని వెనక్కి కూర్చోవచ్చు. ఈ మాటలు విన్నాక ఎవరైనా వచ్చే ఆటకు సిద్ధం చేసుకుంటుంటే రోపర్‌తో మొదలుపెట్టమంటాను.